ఇల్లా, ఖర్చులా, రెండూనా? విడాకుల కేసు తేలేలోపు డీవీసీ, ఎంసీ, సెక్షన్ 24లో ఏది వేయాలి

మూడేళ్ల కిందట ఒక రాత్రి పదిన్నరకు మా పిన్నికూతురు ఫోన్ చేసింది. "అక్కా, ఇక నా వల్ల కాదు, వచ్చేస్తున్నా" అంది. నేనేమీ ఆలోచించకుండా "వచ్చేయ్" అన్నాను. రెండు జతల బట్టలు, బాబు ఇన్‌హేలరు, ఫోన్ ఛార్జరు పట్టుకుని బస్సెక్కింది. పదిహేను రోజుల తర్వాత బాబు స్కూలు పుస్తకాల కోసం ఇద్దరం వెళ్లాం. గుమ్మానికి కొత్త తాళం. పక్కింటావిడ తలుపు తీసి చూసి, ఏమనాలో తోచక లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. పెళ్లి ఫొటోలు, దాని టెన్త్ సర్టిఫికెట్, బంగారం బిల్లులు, బాబు బర్త్ సర్టిఫికెట్ అన్నీ ఆ తాళం వెనకాలే ఉండిపోయాయి.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు దాని వెంట కోర్టులకు తిరిగాను. ఆ తిరుగుడులో తెలిసింది రాస్తున్నాను. విడాకులు ఇవ్వాలా వద్దా, తప్పు ఎవరిది అన్న జోలికి నేను పోవడం లేదు. కేసు వేసిన రోజుకీ తీర్పు వచ్చే రోజుకీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. అప్పటిదాకా తల ఎక్కడ దాచుకోవాలి, బియ్యం, ఫీజులు ఎక్కణ్నుంచి రావాలి అన్నదే ఇక్కడి విషయం.

లాయరు దగ్గరికి వెళ్లగానే చాలామంది "ఏ కేసు వేస్తే గట్టిగా ఉంటుంది?" అని అడుగుతారు. మేమూ అదే అడిగాం. అడగాల్సింది వేరు. ఈ నెల గడవాలంటే నాకు ముందు కావలసింది ఇల్లా, డబ్బా? ఇంట్లో నుంచి గెంటేస్తారన్న భయమా, లేక ఇంట్లోనే ఉన్నా చేతిలో పైసా ఆడటం లేదా? దానికి జవాబు తెలిస్తే వేయాల్సిన కేసు దాదాపు తేలిపోయినట్టే. ఉన్న దారులు మూడు: గృహహింస చట్టం కింద వేసే డీవీసీ, మనోవర్తి కోసం వేసే ఎంసీ, నడుస్తున్న విడాకుల కేసులోనే ఖర్చులు అడిగే హిందూ వివాహ చట్టం సెక్షన్ 24.

ఇల్లు కదిలే ముందు

ప్రాణభయం ఉంటే ఇక్కడ రాసినవేవీ చూడొద్దు, బయటపడండి. 112కు గానీ, మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి. మిగతా కాగితాల సంగతి తర్వాత.

అంత ప్రమాదం లేకపోతే మాత్రం కోపంలో గడప దాటకండి. ఇల్లు వదిలినంత మాత్రాన హక్కు పోదు. గృహహింస చట్టం "ప్రస్తుతం ఉంటున్న" ఇంటితో పాటు "ఎప్పుడైనా కలిసి ఉన్న" ఇంటిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. కానీ ఉన్న ఇంట్లో నుంచి కదలకుండా ఆర్డరు తెచ్చుకోవడం ఒక ఎత్తు, తాళం పడిన ఇంట్లోకి మళ్లీ అడుగుపెట్టడం ఇంకో ఎత్తు. రెండోదానికి పట్టే టైము, పడే టెన్షన్ నేను కళ్లారా చూశాను.

వెళ్లక తప్పకపోతే ముందే కాగితాలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి మీ మెయిల్‌కే పంపుకోండి. ఆయన జీతం స్లిప్పు ఒక్కటి దొరికినా చాలు, ఐటీ రిటర్ను, ఇంటి కాగితం లేదా అద్దె ఒప్పందం, లోన్ స్టేట్‌మెంట్, కరెంటు బిల్లు కూడా. బంగారం ఇంట్లో ఉంటే ఏ నగ ఎక్కడుందో ఫొటోలో కనిపించాలి.

ఇంకో మాట. పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి "మేమిద్దరం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం" అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ ఒక్క వాక్యం తర్వాత మెడకు చుట్టుకుంటుంది. ఇద్దరి సమ్మతితో విడిగా ఉంటున్న భార్యకు ఎంసీలో మనోవర్తి రాదని చట్టంలోనే ఉంది మరి. సంతకం పెట్టాల్సి వస్తే, ఎందుకు విడిగా ఉండాల్సి వచ్చిందో అసలు కారణం అందులో రాయించండి. లేదంటే పెట్టకండి.

డీవీసీ: ఇల్లు కావాలంటే ఇదే

2005 గృహహింస చట్టం కింద వేసే కేసును కోర్టుల్లో డీవీసీ అంటారు. మొదటి తరగతి మేజిస్ట్రేటు దగ్గర వేస్తారు. దీని పేరు వినగానే మా పిన్ని భయపడిపోయింది. "అల్లుణ్ని జైల్లో పెట్టిస్తామా ఏంటి" అంది. ఆ భయం అక్కర్లేదు. డీవీసీ వేసినంత మాత్రాన ఎఫ్ఐఆర్ ఉండదు, అరెస్టు ఉండదు. కోర్టు రక్షణ ఆర్డరు ఇచ్చాక దాన్ని మీరితేనే అది నేరం, అప్పుడు ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా.

"కొట్టలేదు కదా, గృహహింస ఎలా అవుతుంది?" అన్నది రెండో సందేహం. ఇంటి ఖర్చులకు డబ్బు ఆపేయడం, ఆమె నగలు అమ్మేయడం, ఇంట్లో ఉండనివ్వకపోవడం కూడా ఈ చట్టం ప్రకారం హింసే. దాన్ని ఆర్థిక హింస అని విడిగా పేరు పెట్టి మరీ చెప్పారు.

మిగతా రెండు దారుల్లో లేనిది ఇక్కడ ఉన్నది ఇంటి మీద ఆర్డరు. సెక్షన్ 19 కింద కోర్టు చాలా రకాలుగా ఆదేశించవచ్చు. ఆమెను ఇంట్లోంచి పంపొద్దనవచ్చు. భర్తనే బయటికి వెళ్లమనవచ్చు. ఇల్లు అమ్మొద్దు, తాకట్టు పెట్టొద్దు అనవచ్చు. అద్దె ఇల్లయితే అందులో హక్కు వదులుకోవద్దనవచ్చు, అద్దె ఆయనే కట్టాలనవచ్చు. ఇవేవీ కుదరకపోతే ఇప్పటిదాకా ఉన్న ఇంటి స్థాయిలోనే వేరే ఇల్లు చూపించమనో, దానికి అద్దె ఇవ్వమనో చెప్పవచ్చు. ఆమె స్త్రీధనం తిరిగి ఇప్పించవచ్చు. వీటితో పాటు సెక్షన్ 20 కింద నెలవారీ ఖర్చులు, పిల్లల ఖర్చులు కూడా ఇదే పిటిషన్లో అడగవచ్చు. అర్జెంటయితే అవతలివాళ్లు రాకముందే సెక్షన్ 23 కింద తాత్కాలిక ఆర్డరు ఇవ్వొచ్చు.

ఎక్కడ వేయాలన్నది కూడా సులువు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లో సైతం వేయొచ్చు. పుట్టింటికి వచ్చేసిన మా పిన్నికూతురు మా ఊరి కోర్టులోనే వేసింది. లాయరు లేకపోయినా జిల్లాలో ఉండే ప్రొటెక్షన్ ఆఫీసరు దగ్గరికి గానీ, సఖి సెంటరుకు గానీ వెళ్తే రిపోర్టు తయారుచేసి కోర్టుకు పంపుతారు. అయితే ఆ రిపోర్టు లేదన్న కారణంతో కోర్టు కేసు తీసుకోకుండా ఉండటానికి వీల్లేదు. ఆ సంగతి సుప్రీంకోర్టు 2022లో తేల్చింది.

చట్టం ప్రకారం మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో పడాలి, కేసు అరవై రోజుల్లో ముగించడానికి చూడాలి. అది ఆశించాల్సిన గడువే తప్ప చేతిలో ఉన్న గడువు కాదు. మా విషయంలో నోటీసు అందడానికే రెండు నెలలు పట్టింది. ఆయన ఆఫీసు అడ్రసు కూడా పిటిషన్లో ఇచ్చి ఉంటే కనీసం నెల కలిసొచ్చేది. మీరు ఇల్లు, ఆఫీసు, ఫోన్ నంబరు, మెయిలు అన్నీ ఇవ్వండి.

ఎంసీ: డబ్బు మాత్రమే చాలనుకుంటే

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 125. మన ఇళ్లలో "మనోవర్తి కేసు" అంటే ఇదే. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 144 అయింది. నంబరు మారిందే గానీ సారం దాదాపు అదే. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అక్కడ, లేని చోట మేజిస్ట్రేటు దగ్గర వేస్తారు. విడాకుల కేసు ఉండాల్సిన పని లేదు. భార్యకు, మైనరు పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా ఇది వర్తిస్తుంది. మధ్యంతర మనోవర్తి పిటిషన్ను నోటీసు అందిన అరవై రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది.

దీని బలం మతంతో పని లేకపోవడంలో ఉంది. 2024 జులై 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే. విడాకులైన ముస్లిం మహిళ కూడా ఈ సెక్షన్ కింద అడగవచ్చని ఇద్దరు న్యాయమూర్తులూ తేల్చారు. అక్కడ కింది కోర్టు నెలకు 20,000 అంటే, హైకోర్టు 10,000కు తగ్గించింది. ఆయన ఆ పదివేలు కూడా ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టుకు వెళ్లి ఓడిపోయాడు.

రెండో బలం వసూలులో. ఆర్డరు అయ్యాక కట్టకపోతే కోర్టు వారంటు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే బాకీ ఉన్న ఒక్కో నెలకు నెల దాకా జైలు వేయొచ్చు. కానీ బాకీ పడిన ఏడాదిలోపు అడగాలి. "పోనీలే, మనసు మారుతుందేమో" అని రెండేళ్లు ఆగిన వాళ్లకు మొదటి ఏడాది డబ్బు వసూలు చేసుకోవడం కష్టమవుతుంది. ఆర్నెల్లకోసారి పిటిషన్ వేసుకోవడం మంచిది.

లోటు ఏమిటంటే, ఇల్లు ఇక్కడ దొరకదు. సరైన కారణం లేకుండా భర్త దగ్గర ఉండనంటే మనోవర్తి రాదన్న షరతు కూడా ఉంది. అందుకే చాలామంది భర్తలు ముందుగా "కాపురానికి రమ్మని" కేసు వేస్తారు. ఆ కేసు గెలిచి డిక్రీ తెచ్చుకున్నా, ఆమె వెళ్లకపోవడానికి న్యాయమైన కారణం ఉంటే మనోవర్తి ఆగదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది.

సెక్షన్ 24: కేసు ఖర్చులు కూడా కావాలంటే

హిందూ వివాహ చట్టం సెక్షన్ 24ను విడిగా వేయలేరు. విడాకులదో, కాపురానికి రమ్మన్నదో అసలు కేసు నడుస్తుండాలి, అందులో ఐఏగా, అంటే అనుబంధ పిటిషన్‌గా వేస్తారు. అసలు కేసు భర్త వేసినా ఫర్వాలేదు, భార్య అదే కోర్టులో ఈ పిటిషన్ వేసుకోవచ్చు. నెలవారీ ఖర్చులతో పాటు లాయరు ఫీజు, వాయిదాలకు రానూపోనూ ఛార్జీలు అడిగే వీలు ఇందులో సూటిగా ఉంది. దీనికీ అరవై రోజుల మాటే.

మనవాళ్లకు ఈ ఛార్జీల సంగతి చిన్నది కాదు. ఆయన కూకట్‌పల్లిలో, ఆమె ఒంగోలు పుట్టింట్లో. ఆయన హైదరాబాద్‌లో విడాకులు వేశాడు. 2019కు ముందైతే కేసును ఒంగోలుకు మార్చమని ఉమ్మడి హైకోర్టులోనే అడిగేవాళ్లు. ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ వేర్వేరు హైకోర్టులు, కాబట్టి ట్రాన్స్‌ఫర్ పిటిషన్ ఢిల్లీకి, సుప్రీంకోర్టుకు వెళ్లాలి. అంత దూరం పోలేని వాళ్లు కనీసం సెక్షన్ 24 కింద ప్రతి వాయిదాకూ ఛార్జీలు అడగాలి. ఆమెకు తోడుగా వచ్చే తండ్రికో తమ్ముడికో అయ్యే ఛార్జీ కూడా పిటిషన్లో రాయండి.

ఇది ఇద్దరికీ వర్తించే సెక్షన్. ఆరోగ్యం దెబ్బతినో, ఉద్యోగం పోయో నిజంగా ఆదాయం లేని భర్త, సంపాదిస్తున్న భార్యను అడగవచ్చు. క్రైస్తవ వివాహాలకు 1869 నాటి విడాకుల చట్టంలో, రిజిస్టరు పెళ్లిళ్లకు 1954 ప్రత్యేక వివాహ చట్టంలో ఇలాంటివే ఉన్నాయి, రెండిట్లోనూ నంబరు 36. కాకపోతే అవి భార్యకే.

అసలు కేసు ముగిస్తే సెక్షన్ 24 కూడా దాంతోనే ముగుస్తుంది. అందుకే ఒక్క దీని మీదే ఆధారపడటం నాకు నచ్చదు.

మూడూ వేయొచ్చా?

వేయొచ్చు. డబ్బు మాత్రం మూడు రెట్లు రాదు. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు రజనీశ్ వర్సెస్ నేహా కేసులో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో అందరికీ దారి చూపింది. ఆ బెంచిలో జస్టిస్ ఇందు మల్హోత్రాతో పాటు మెదక్ జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి కూడా ఉన్నారు. ఒక కోర్టులో వచ్చిన ఆర్డరును రెండో కోర్టుకు తప్పక చెప్పాలి, రెండో కోర్టు ఆ మొత్తాన్ని సర్దుబాటు చేయాలి. దాచిపెడితే మీ మాట మీద కోర్టుకు నమ్మకం పోతుంది. మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలన్నది కూడా ఆ తీర్పుతోనే స్థిరపడింది. ఆర్డరు ఆలస్యమైనా బకాయి వస్తుంది. కాబట్టి వాయిదాలు పడుతున్నాయని నిరాశపడకండి, వేయడం మాత్రం ఆలస్యం చేయకండి.

విడాకుల కేసు అప్పటికే ఫ్యామిలీ కోర్టులో ఉంటే ఇల్లు కోసం విడిగా మేజిస్ట్రేటు కోర్టుకు పరుగెత్తనక్కర్లేదు. గృహహింస చట్టం సెక్షన్ 26 ప్రకారం ఇంటి ఆర్డరు, డబ్బు ఆర్డరు ఆ ఫ్యామిలీ కోర్టులోనే అడగవచ్చు. చిన్నపిల్లలతో రెండు కోర్టులు తిరగలేని వాళ్లకు ఇదే నయం. ఎందుకో దీన్ని వాడుకునేవాళ్లు నాకు తక్కువగా కనిపించారు. మీ లాయరును మీరే అడగండి.

అదే ఇంట్లోనా, అద్దె ఇంట్లోనా, పుట్టింట్లోనా?

కేసు ఏదన్నది లాయరు చెబుతాడు. ఇది మాత్రం మీరే తేల్చుకోవాలి.

అదే ఇంట్లో ఉండటం అన్నిటికన్నా చవక, పిల్లల చదువు చెడదు. కానీ వంటింట్లో గిన్నెలు వేరు, ఫ్రిజ్‌లో అరలు వేరు, ఆయన హాల్లోకి వస్తే ఈమె గదిలోకి వెళ్లడం. అలా ఎనిమిది నెలలు బతికిన ఒకావిడ కోర్టు వరండాలో నాతో అంది, "గ్యాస్ సిలిండరు అయిపోతే ఎవరు బుక్ చేయాలన్నదే మా ఇంట్లో పెద్ద గొడవండీ" అని. ఇలా ఉండదలిస్తే ఏ గది ఎవరిది, వంటిల్లు, బాత్రూము ఎవరెప్పుడు వాడాలి, కరెంటు బిల్లు ఎవరిది అన్నంత వివరంగా ఆర్డరులో రాయించుకోండి. "ఇంట్లో ఉండనివ్వాలి" అన్న ఒక్క లైనుతో రోజులు గడవవు. కొట్టే మనిషి ఉన్న ఇంట్లో మాత్రం ఈ దారి వద్దు. అక్కడ అడిగితే ఆయన్ను బయటికి పంపమని అడగాలి, లేదా అద్దె అడగాలి.

ఇల్లు అత్తమామల పేరున ఉంటే? 2006 చివర్లో వచ్చిన ఒక తీర్పు వల్ల చాలా ఏళ్లు కోడళ్లకు ఈ విషయంలో దారి మూసుకుపోయింది. 2020 అక్టోబరు 15న ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ఆ తీర్పు సరికాదంది. భర్త బంధువుల పేరున ఉన్నా, అక్కడ కాపురం చేసి ఉంటే అది ఉమ్మడి నివాసమే కావచ్చు. మరోవైపు అదే తీర్పు వృద్ధులైన అత్తమామలకూ ప్రశాంతంగా బతికే హక్కుందని గుర్తు చేసింది. కొంతమంది మామగారి చేత 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం కింద ఆర్డీవో దగ్గర కేసు వేయించి కోడల్ని ఖాళీ చేయించాలని చూస్తారు. ఆ చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడలి నివాస హక్కును తోసిపుచ్చలేరని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది.

హక్కు ఉంది కదా అని నా సలహా అడిగితే, ఇల్లు పెద్దవాళ్లదై, వాళ్లు మంచం పట్టిన స్థితిలో ఉంటే అద్దె ఆర్డరు వైపే మొగ్గండి. కోర్టులూ చాలాసార్లు అటే చూస్తాయి. రోజూ ముఖాలు చూసుకుంటూ ఆ ఇంట్లో ఉండి మీరూ సుఖపడరు. ఇల్లు భర్త పేరునో, ఇద్దరి పేరునో ఉండి, ఈఎంఐ నడుస్తుంటే మాత్రం తొందరపడి బయటికి రాకండి. అమ్మకం మీద, తాకట్టు మీద ఆపుదల ఆర్డరు ముందు తెచ్చుకోండి. ఇంటి ఈసీ తీయించి పెట్టుకోండి, ఎవరికైనా రాసిచ్చాడేమో అందులో తెలుస్తుంది.

ఏ ఆర్డరు వచ్చినా అది ఉండటానికి హక్కే, ఇల్లు మీ సొంతమైనట్టు కాదు. ఆస్తి పంపకం వేరే లెక్క.

పుట్టిల్లు మనసుకు ఊరట. కానీ నెలలు గడిచేకొద్దీ వదిన ముఖం, అన్నయ్య అప్పులు కనిపించడం మొదలవుతాయి. కోర్టులో అవతలి లాయరు "ఆమెకు అద్దె ఖర్చే లేదు కదండీ" అంటాడు, మా దగ్గరా అన్నాడు. అందుకు సిద్ధంగా, పుట్టింట్లో ఉన్నా నెలనెలా ఇంట్లో ఇస్తున్న డబ్బు ఫోన్‌పేలోనే ఇవ్వండి. ఎవరి చేతిలోనో నగదు పెడితే అది ఖర్చయినట్టు ఎక్కడా కనబడదు.

అఫిడవిట్ దగ్గర కూర్చున్న రాత్రి

పైన చెప్పిన 2020 తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చుల అఫిడవిట్ వేయాలి. కోర్టు అంకె వేసేది చాలావరకు దీన్ని చూసే. లాయరు ఆఫీసులో గుమస్తా "నెలకు ఎంత కావాలమ్మా?" అని అడిగి రాసేసుకుంటాడు. మా పిన్నికూతురు "ఇరవై వేలు" అనేసింది. దేనికంటే చెప్పలేకపోయింది.

ఆ రాత్రి నేనూ అదీ మంచం మీద నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నాం. రోజుకు రెండు అరలీటరు పాలు, నెలకు 1,800. స్కూలు వ్యాను 1,200. బాబు ఇన్‌హేలరు, నెబ్యులైజరు మందు, చలికాలంలో ఆసుపత్రి. ట్యూషన్. గది అద్దెకు తీసుకుంటే ఆ పేటలో ఎంతో మూడిళ్లు తిరిగి అడిగొచ్చాం. ఫోన్ రీఛార్జి, పండక్కి ఒక జత బట్టలు. అది రాయడానికి సిగ్గుపడింది. "రాయి, అవి కూడా ఖర్చులే" అన్నాను. మొత్తం కూడితే 23,400 వచ్చింది. గాల్లో చెప్పిన ఇరవై కన్నా ఎక్కువే. కానీ ఇప్పుడు దానికి బిల్లులున్నాయి.

ఆయన వైపు ఆదాయం దాచిపెడతారన్నది అందరి భయం. జీతమైతే దాచడం కష్టం, పీఎఫ్, ఫారం 16 తెప్పించమని కోర్టును అడగవచ్చు. వ్యాపారమైతే జీఎస్టీ వివరాలు, షాపు ఫొటోలు, కారు, ఇన్సూరెన్సు ప్రీమియం, పిల్లల స్కూలు ఫీజు ఆయన కట్టిన రోజుల రసీదులు. మనిషి ఎలా బతికాడో చూపిస్తే కోర్టు ఎంత సంపాదిస్తున్నాడో ఊహించగలదు. వ్యవసాయ కుటుంబాలకు ఆ తీర్పులోనే అఫిడవిట్ నమూనా వేరే ఉంది. మాగాణా మెట్టా, ఏ పంట, కౌలుకు ఇచ్చారా తీసుకున్నారా, పాడి ఎంత అని అడుగుతుంది. ఆంధ్రాలో అయితే మీభూమిలో 1-బి, అడంగల్ తీసి జతచేయండి.

మీకు ఉద్యోగం ఉంటే దాచకండి. సంపాదిస్తున్నంత మాత్రాన మనోవర్తి రాదని ఏమీ లేదు, ఆ జీతంతో ఇంతకుముందు బతికిన తీరులో బతకగలరా అని కోర్టు చూస్తుంది. కానీ స్కూల్లో పన్నెండు వేలకు పనిచేస్తూ "ఆదాయం లేదు" అని ప్రమాణం చేస్తే, అవతలివాళ్లు ఒక్క జీతం స్లిప్పుతో మీ కేసంతా పడగొడతారు.

ఎంత రావచ్చు, చేతికి ఎలా వస్తుంది

"జీతంలో పావు వంతు వస్తుందట కదా" అని అందరూ అంటారు. ఆ మాట సుప్రీంకోర్టు 2017 తీర్పులోంచి వచ్చింది. అందులో భర్త నికర జీతంలో 25 శాతం న్యాయంగా ఉంటుందన్నారు. అది అన్ని కేసులకూ వర్తించే సూత్రం కాదు. పిల్లలెంతమంది, ఆయన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు ఉన్నారా, ఆమెకు ఆదాయం ఉందా అన్నదాన్ని బట్టి పైకీ కిందికీ జరుగుతుంది. తన ఇష్టంతో తీసుకున్న కారు లోను, పర్సనల్ లోను చూపించి "చేతికి వచ్చేది ఎనిమిది వేలే" అనే భర్తలను కోర్టులు సాధారణంగా నమ్మవు.

వసూలు సంగతికి వస్తే, ఆయన ఉద్యోగస్తుడైతే డీవీసీలో ఒక మంచి వీలుంది. కట్టకపోతే జీతంలోంచి నేరుగా ఆమెకు ఇమ్మని మేజిస్ట్రేటు కంపెనీనే ఆదేశించవచ్చు. స్థిరమైన జీతం లేని వ్యాపారికి, ఆటో నడిపే మనిషికి ఎంసీలోని వారంటే పనిచేస్తుంది. సెక్షన్ 24 డబ్బు ఎగ్గొట్టి, తన విడాకుల కేసు మాత్రం ముందుకు నడపాలని చూసే భర్తకు, ఆ బాకీ కట్టేదాకా కేసు ఆపమనో, అతని వాదన కొట్టేయమనో అడగవచ్చు. త్వరగా విడాకులు కావాలనుకునే వాళ్ల దగ్గర ఇది బాగా పనిచేస్తుంది.

ఎవరికి ఏది

ఇంట్లోనే ఉన్నారు, గెంటేస్తారని భయం: ఈరోజే డీవీసీ, సెక్షన్ 23 తాత్కాలిక ఆర్డరుతో. అందులోనే డబ్బు కూడా అడగండి, ఎంసీ తర్వాత చూసుకోవచ్చు.

పుట్టింట్లో ఉన్నారు, అత్తింటికి వెళ్లే ఉద్దేశం లేదు, ఆయన ఇంకా ఏ కేసూ వేయలేదు: ఎంసీ. నగలు, సర్టిఫికెట్లు అక్కడ చిక్కుకుపోయి ఉంటే, లేదా అద్దె కావాలనుకుంటే డీవీసీ జతచేయండి. మేము ఎంసీ ఒక్కటే వేసి, సర్టిఫికెట్ల కోసం ఐదు నెలల తర్వాత డీవీసీ వేశాం. మొదటే రెండూ వేసి ఉండాల్సింది.

ఆయన వేరే ఊళ్లో విడాకులు వేశాడు, మీరు వాయిదాలకు తిరుగుతున్నారు: సెక్షన్ 24, ఛార్జీలతో సహా. ఇల్లు కూడా కావాలంటే సెక్షన్ 26 ద్వారా అక్కడే.

ఆయన అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నాడు: అక్కడి కంపెనీ మన మేజిస్ట్రేటు మాట వినదు. కాబట్టి ఇక్కడున్న ఫ్లాటు, స్థలం, బ్యాంకు ఖాతా మీద ఆపుదల, ఇంటి ఆర్డరు ముందు అడగండి. అక్కడి కోర్టులో విడాకులు తెచ్చుకున్నానని కాగితం పంపితే కంగారుపడి అన్నీ వదిలేయకండి. తిరుపతిలో పెళ్లి చేసుకుని, అమెరికాలోని మిస్సోరీలో విడాకులు తెచ్చుకున్న ఒక తెలుగాయన కేసులోనే 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది.

ఇద్దరూ మర్యాదగా విడిపోదామనుకుంటున్నారు: పరస్పర అంగీకార విడాకుల కాగితంలోనే ఈ మధ్యకాలపు అద్దె, ఫీజులు ఎవరు ఎంత, ఏ తారీకులోపు అని రాసుకోండి. మామూలుగా ఆరు నెలలు ఆగాలి, తగిన సందర్భంలో కోర్టు ఆ గడువు తీసేయొచ్చని 2017 నుంచి ఉంది. ఆ ఆరు నెలలకు కూడా ఖర్చులు ఉంటాయి, చాలామంది దాన్ని మరిచిపోతారు.

లాయరుకు డబ్బు లేక ఆగిపోయిన వాళ్లకు ఒక్క మాట: ఆదాయం ఎంతున్నా సరే, మహిళలకు లీగల్ ఎయిడ్ ఉచితం. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోన్ నంబరు 15100. ఆధార్ జిరాక్సు, పెళ్లి శుభలేఖ, ఇద్దరూ కలిసున్న ఒక ఫొటో, ఇంతకు ముందు చెప్పిన ఖర్చుల నోట్‌బుక్ పట్టుకెళ్లండి. మీ పేరు మీద మాత్రమే ఉన్న బ్యాంకు ఖాతా పాస్‌బుక్ కూడా. మా పిన్నికూతురికి ఉన్నది జాయింట్ ఖాతా ఒక్కటే. పోస్టాఫీసులో కొత్తది తీసి, ఆ నంబరు పిటిషన్లో రాయించాం. మొదటి నెల డబ్బు పడినప్పుడు మెసేజ్ దాని ఫోన్‌కే వచ్చింది. పాల ప్యాకెట్లు తెస్తూ మెట్ల మీదే నిలబడి చదువుకుంది.